పాతరలో సిలాఖానా

చిన్న వస్తువుకు పెద్ద పేరు పెట్టే మనుషులంటే నాకు మొదటినుంచీ చిరాకు. రహస్య నిఘా నడిపే ఖుఫియా పోలీసులో ఉద్యోగం వదిలేసి సొంతంగా కేసులు పట్టుకోవడానికి అదీ ఒక కారణం. అక్కడ ముగ్గురు రైతులు ఒకచోట చేరి చుట్ట కాల్చుకుంటే సాజిష్, అంటే కుట్ర, అని రాసేవాళ్ళు. బాన్సువాడ ఠాణాకు అధికారి అయిన అమీన్ మోతీరాం నా ముందుకు తోసిన కాగితంలోనూ అలాంటి మాటే ఒకటి కనిపించింది. ‘సిలాఖానా’ అని ఉర్దూలో లావుగా రాసి, చాలదన్నట్టు దాని కింద గీత కూడా గీశాడు.

“చదివిండ్రు గద, రామబ్రహ్మం సాబ్. ఇగ చాయ్ తాగి హైదరాబాద్ బస్సెక్కుండ్రి” అన్నాడు.

“చాయ్ తాగుతాను. ఈ సిలాఖానా ఎక్కడ దొరికింది?”

“ముత్తెన్న పెరట్ల, వడ్ల పాతరల. ఆరు నాటు తుపాకులు. నిన్న మేమే బయటికి తీసినం.”

ఈ వైపు రైతుల పెరట్లో పాతర లేకపోవడం అరుదు. మనిషి లోతు గొయ్యి తవ్వి, లోపల గడ్డి పరిచి, వడ్లు పోసి, మూతి మీద బండ పెట్టి మట్టితో అలికేస్తారు. అందులో తుపాకి దొరికిందంటే రైతుకు శిక్ష తప్పదు. కాని అది కొన్ని నెలలతో పోయే శిక్ష. అదే గొయ్యిని సిలాఖానా అంటే, పైగా యుద్ధం నడుస్తున్న ఈ రోజుల్లో, నిజామాబాద్‌లో ఆ కాగితం చదివేవాడికి సర్కారు మీద తిరుగుబాటే కనిపిస్తుంది. అప్పుడు ముత్తెన్న తిరిగి ఇల్లు చేరేసరికి అతని పిల్లలకు పిల్లలు పుడతారు. అతని భార్య పోసవ్వ వకీలును బతిమాలి నాకు తంతి కొట్టించింది అందుకే.

“అమీన్ సాబ్, సిలాఖానా అంటే ఏమిటి?”

“గిదేం సవాల్? ఆయుధాలుండే జాగ.”

“మీ నడుముకు పిస్తోలు వేలాడుతోంది. మిమ్మల్ని సిలాఖానా అనొచ్చా?”

మోతీరాం మీసం కదిలింది, నవ్వు మాత్రం బయటికి రాలేదు. నవ్వింది బల్లకు అవతల కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి. ఊరి చివర కోటలాంటి గడి ఆయనది. పేరు దేవిదాస్ రావు. ఊరంతా దొర అంటుంది. తెల్లని షేర్వానీ వేసుకుని, పెళ్ళివారింట విడిదికి వచ్చినంత తీరికగా కూర్చున్నాడు.

“మా గడిల గూడ ఆయుధాల అర్ర ఉన్నది రామబ్రహ్మం గారూ. తాతల జమానాది. లైసెన్సున్నది. దాన్ని సిలాఖానా అంటె నాకు సంతోషమే. ఈ వడ్ల బొందను గట్లంటె నవ్వొస్తది గని, కానూన్ కానూనే కద” అన్నాడు. తర్వాత మోతీరాం వైపు తిరిగి, “నా కచ్చరం బయట నిలబెట్టిన్రు. ఎద్దులు మంచియి. నిమ్మళంగ తోలుకపొమ్మనుండ్రి” అని చెప్పి, నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఖైదీని తీసుకుపోవడానికి దొర తన గూడుబండి ఇవ్వడమేమిటా అనుకున్నాను. పల్లెల్లో దొరలు పోలీసులకు ఇంతకంటే పెద్దవే ఇస్తుంటారు గనుక ఆ ఆలోచనను అక్కడే వదిలేశాను. అలా వదలకుండా ఉండాల్సింది.

తుపాకులు గోడకు ఆనించి ఉన్నాయి. ఆరూ మూతిలో మందు కూరే పాతకాలం సరుకు. ఇనుము మీద ఆముదం మెరుస్తోంది. కుందాల మీద, అంటే భుజానికి ఆనించే కర్ర భాగం మీద, ఒక పసుపు గీత, దాని మీద వరసగా మూడు కుంకుమ బొట్లు. పసుపు మీద వేలు పెడితే వేలికి అంటింది. దసరా వెళ్ళి వారం కూడా కాలేదు.

“ముత్తెన్నతో మాట్లాడతాను.”

“మాట్లాడుండ్రి. నా ముంగటనే.”

ముత్తెన్న నలభై దాటిన మనిషి. పొలం బురద ఇంకా కాళ్ళకు ఎండిపోయి ఉంది. సంకెళ్ళను తన చేతులకు కాక ఇంకెవరికో వేసినట్టు వింతగా చూసుకుంటున్నాడు.

“సారూ, నాకు తుపాకి పట్టుడే రాదు. చెరుకుల పందులు వడితె డబ్బ కొడ్త గంతె.”

“పాతర ఈమధ్య ఎప్పుడు తెరిచారు?”

“పండుగ ముంగట. మా ఇంటామె దీపం దింపి, దిగి, వడ్లు తీసింది.”

“దీపం ఎందుకు?”

“పాతర గాలి మంచిది గాదు సారూ. దీపమారితె మనిషి గూడ ఆర్తడు.”

“తర్వాత ఇల్లు ఎప్పుడైనా ఖాళీగా ఉందా?”

“మొన్న మా అవ్వకు నెలమాసికం. అందరం మంజీరకు పోయినం. పొద్దుగూకినంక వచ్చినం.”

“ఊళ్ళో ఎవరితోనైనా తగాదా?”

అతను దొర లేచి వెళ్ళిన కుర్చీ వైపు చూశాడు. “తగాదా లేదు. ఒక్క మాటన్న.”

“ఏమని?”

“దసరా తెల్లారి తూము కాడ నీళ్ళు మలుపుకుంటున్న. గడి ఎనుక దర్వాజ కాడ బండ్లకెళ్ళి పొడుగు పెట్టెలు దించుతుండ్రు. ఏందియి అంటె, చెరుకు గానుగ సామాను అన్నరు. గానుగల గంత పొడుగు సామాను ఏముంటదే అని నవ్విన. దొర ఆడనే నిలవడ్డడు. ఆయన గూడ నవ్విండు.”

“బస్” అన్నాడు మోతీరాం బల్ల మీద కొట్టి. “గానుగ కథలు కోర్టుల చెప్పుకో. ఏయ్, బండి కట్టుండ్రి!”

“నేను పాతర చూసేదాకా ఆగండి.”

“పాతర యాడికి పోదు సాబ్. వీడు మాత్రం పోవాలె.”

“నిజామాబాద్‌కు బస్సు ఉండగా బండి ఎందుకు?”

“బస్సు కాడ వీని పాలోళ్ళు మూగిండ్రు. నాకు లొల్లి వద్దు. కాలువ గట్టు మీదికెళ్ళి వర్ని దాక బండి, ఆడికెళ్ళి బస్సు. ఎంబడి ఒక జవాను. సాలు.”

ముత్తెన్న గడప దాటుతూ నా వైపు తిరిగాడు. “సారూ, పొలానికి రేపు మా వంతు నీళ్ళు. పోసవ్వకు యాది జెయ్యుండ్రి” అన్నాడు. పదేళ్ళ జైలు ముంగిట నిలబడి ఈ మనిషి తడి పెట్టాల్సిన మడి గురించి దిగులు పడుతున్నాడు. నాకు అతని మీద జాలి కలిగింది. జాలి నా వృత్తికి పనికొచ్చే సరుకు కాదు, అయినా కలిగింది.

“ఒక పందెం అమీన్ సాబ్. ఆ కాగితంలోని మాట తప్పు అని ఇవాళే చూపిస్తే?”

మోతీరాం నన్ను ఎగాదిగా చూశాడు. ఇతను లంచగొండి కాడు, మందమతి అంతకంటే కాడు. పట్టిన పట్టు విడవని మనిషి. అలాంటివాడు తప్పు చేస్తే మరీ కష్టం. “చూపిస్తే గుర్రం మీద మనిషిని తోలి బండిని మలిపిస్త. కాగితం నా చేతుల్తోనే చింపుత. చూపియ్యకపోతే?”

“బస్సెక్కుతాను.”

ముత్తెన్న వాడకట్టులో ప్రతి గడపకూ మామిడి తోరణం ఎండి వేలాడుతోంది, బంతిపూల దండలు వాడి నల్లబడ్డాయి. ముత్తెన్న గుమ్మం మాత్రం బోసిగా ఉంది. పోసవ్వ అరుగు మీద కూర్చుని ఉన్నదల్లా మమ్మల్ని చూసి లేచింది. ఏడ్చి ఏడ్చి ఇక ఏడవటం మానుకున్న ముఖం.

“అయ్యా, మావోన్ని తోలిండ్రా?”

“బండి బయలుదేరింది. తిరిగి రప్పించే పని మీదే వచ్చాను. పాతర చూపించమ్మా.”

బండ పక్కకు జరిపి ఉంది. దీపం దింపి చూశాం, ఆరలేదు. నేను దిగాను. మోతీరాం పైన గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. లోపల చెమ్మ, ముక్కిన వడ్ల వాసన. గోడ వారగా గడ్డిలో ఒక ఇనుప సోల దొరికింది. చేతిలోకి తీసుకుంటే ఎర్రగా తుప్పు రాలింది.

“అది నాదే అయ్యా” అంది పోసవ్వ పైనుంచి. “పండుగ ముంగట వడ్లు కొలిసి లోపట్నే మర్సిపోయిన. గప్పుడు కొత్తగ ఉండె.”

నేను సోల పైకి అందించాను. “చూశారా? కొత్త సోల ఈ కొద్ది రోజుల్లోనే ఇలా అయింది. తుపాకుల మీద రవ్వంత తుప్పు లేదు. అవి ఇక్కడ నెలల తరబడి ఉన్నవి కావు.”

“ఆముదం పూసినంక తుప్పు ఎట్ల వడ్తది?” అన్నాడు మోతీరాం వెంటనే. “సోలకు ఎవ్వలన్న ఆముదం రాస్తరా?”

మాట నిజం. నేనైనా అదే అడిగేవాణ్ణి. పైకి ఎక్కి చేతులు దులుపుకున్నాను.

“సరే. బొట్లు చూశారు కదా?”

“సూసిన. ఆయుధపూజ చేసిండు. ఆముదం రాసి, పూజ చేసి, దాసిండు. గింత శ్రద్ధగ చూసుకుంటుంటె ఇగ సిలాఖానా గాక మరేంది? మీరు నా కేసునే గట్టి చేస్తుండ్రు సాబ్.”

పోసవ్వ నా వైపు చూసింది. తాను పిలిపించిన మనిషే మొగుడి మెడకు ఉచ్చు బిగిస్తున్నాడా అన్నట్టుంది ఆ చూపు. ఏం చేయాలో తోచక పెరడంతా కలయజూశాను. కొట్టం కింద నాగలి ఉంది, గొర్రు ఉంది, పగ్గాలు చుట్టి పెట్టిన బండి ఉంది. అన్నిటి మీదా బురద ఉంది. పసుపు చుక్క ఒక్కదాని మీద కూడా లేదు.

“పోసవ్వా, దసరాకు నాగలికి పూజ చేయలేదా?”

“ఎట్ల చేస్తమయ్యా? మా అత్త సచ్చిపోయి ఏడాది గాలె. మాకు ఈయేడు పండుగ పట్టది. తోరణం కట్టలె, జమ్మి ముట్టలె, బతుకమ్మ ఆడలె. ఎడ్లకు గూడ బొట్టు వెట్టలె.”

“గీమె పెండ్లం. గట్లనే చెప్తది” అన్నాడు మోతీరాం. కాని అతని గొంతు కొంచెం తగ్గింది. అతనూ ఈ దేశపు మనిషే. చావు జరిగిన ఇంట ఏడాది తిరిగేదాకా పండుగ చేయరన్న సంగతి అతనికి నేను చెప్పనక్కర్లేదు.

గోడ అవతలినుంచి ఒక ముసలామె తల పైకి లేచింది. పక్కింటి నర్సవ్వ. ఇంతసేపూ వింటూనే ఉందన్నమాట. “అమీన్ సాబ్, జమ్మి పంచుకుంట వచ్చిన మా పోరగాండ్లను నేనే ఆపిన. ఆ ఇంటికి పోవద్దు, మైల ఉన్నది అని. వాడకట్టు మొత్తాన్ని అడుగు.”

“ఏడాదంతా అన్నం పెట్టే నాగలికి బొట్టు పెట్టనివాడు,” అన్నాను, “చాటుగా తుపాకులకు పసుపు పూసి, మూడేసి బొట్లు పెట్టాడంటారా? వేరే ఇంట పూజ అందుకున్న తుపాకులు ఇవి. మొన్న వీళ్ళు మంజీరకు పోయినప్పుడు తెచ్చి పడేశారు. ఇల్లు అనాలంటే అందులో ఎవరో కాపురముండాలి. దారిన పోయేవాడు ఒక పూట అరుగు మీద నడుం వాల్చితే అది అతని ఇల్లవుతుందా? సిలాఖానా కూడా అంతే. ఆయుధం ఉన్నచోటల్లా సిలాఖానా కాదు. దానికొక అర్ర, ఒక తాళం, తుడిచి నూనె రాసి కాపు కాసే ఒక మనిషి ఉండాలి. ఇది వడ్ల గొయ్యి.”

మోతీరాం సోలను తిప్పితిప్పి చూస్తున్నాడు. “మరి ఎవరియి?”

“ఊళ్ళో తుపాకులకు ఆయుధపూజ జరిగే చోట్లు రెండే. ఒకటి మీ ఠాణా.”

“నా ఠాణా మీద వెడ్తరా!”

“పెట్టను. మీ తుపాకులు పొద్దునే చూశాను. వాటికి ఒక్కటే బొట్టు, అదీ వంకర.”

ఇక మిగిలింది గడి. మోతీరాం సోల పోసవ్వ చేతికిచ్చి, తన గుర్రం కళ్ళెం పట్టుకుని నడవసాగాడు. రావద్దన్నా పోసవ్వ మా వెనకే వచ్చింది.

గడిలో దొర లేడు. ఆయుధాల అర్ర తాళపుచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగే కాశీరాం ఎదురొచ్చాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, దొర తాత కాలంనుంచీ ఆ అర్రకు కాపు. అమీన్ లైసెన్సు తనిఖీ అనగానే మారు మాట్లాడకుండా తలుపు తెరిచాడు.

సిలాఖానా అన్న మాటకు అర్థం చూడాలంటే అక్కడ చూడాలి. ఎత్తుగా కట్టిన నేల, చెమ్మ తగలకుండా చెక్క పలకలు, గోడ పొడుగునా మద్దికర్ర నిలువుచట్రాలు, మూలన ఆముదం కుండ, వేపాకు పొగ వాసన. తుపాకులన్నీ గొట్టాలవైపు గుడ్డ తొడుగులు వేసుకుని, కుందాలు బయటికి కనిపించేలా నిలబడ్డాయి. కిటికీ ఒక్కటే, అదీ అరచేతంత. మోతీరాం వేలుపెట్టి కుందాలు లెక్కపెట్టుకుంటూ పోయాడు.

“లైసెన్సు లెక్కకు ఒక్కటి తక్కువున్నది.”

“దొర తీసుకపోయిండు. శికారుకు” అన్నాడు కాశీరాం.

“అయితే లెక్క సరిపోయింది.” మోతీరాం నా వైపు తిరిగాడు. గొంతులో మళ్ళీ బలం వచ్చింది. “గడి తుపాకులు గడిలనే ఉన్నయి. పాతరల దొరికినయి ఇక్కడియి ఎట్లయితయి సాబ్? బస్సు యాళ్ళయింది.”

నేను జేబులోంచి అగ్గిపెట్టె తీసి ఒక పుల్ల గీశాను. మొదటి కుందా మీద పసుపు గీత, మూడు కుంకుమ బొట్లు. పక్కదాని మీదా అవే. ఠాణాలో చూసినవి ఈ చేతితో పెట్టినవేనని గుడ్డివాడైనా చెబుతాడు. మోతీరాం కూడా చూశాడు. అగ్గిపుల్ల చివరి చట్రం దగ్గరికి జరిపాను. అక్కడ ఐదు కుందాలు, ఒక ఖాళీ గూడు. ఆ ఐదింటి మీద బొట్టు లేదు.

ఖాళీ గూటితో కలిపితే ఆరు.

“కాశీరాం, పూజనాడు వీటిని మర్చిపోయావా?” అని మామూలుగా అడిగాను.

ముసలివాడు మొలతాడుకున్న తాళపుచెవిని వేళ్ళతో తిప్పుకుంటూ నిలబడ్డాడు.

“పోనీ, అవతల పెట్టి వచ్చినవాటికైనా బొట్టు తుడవాల్సింది కదా. తుడిచి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.”

“పూజ చేసిన బొట్టు తుడుస్తరా సారూ!” అన్నాడు కాశీరాం ఒక్కసారిగా, నేనేదో బూతుమాట అన్నట్టు. “చేతులు పడిపోవా? దొర తుడువుమనే అన్నడు. నాతోటి గాలె.”

అన్నాక గాని తాను ఏమన్నాడో అతనికి తెలియలేదు. చట్రం పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చున్నాడు. అరవై ఏళ్ళు ఆ తుపాకులకు చేసిన చాకిరే అతని చేత ఆ పొరపాటు చేయించింది. దొంగపని చెయ్యి చేసింది గాని, బొట్టు తుడవడానికి అదే చెయ్యి రాలేదు.

మోతీరాం బొట్టు లేని తుపాకి ఒకటి అందుకుని తొడుగు లాగేశాడు. లోపలున్నది నాటు తుపాకి కాదు. పక్కన ఇనుప పిడి, కింద తూటాల పెట్టె, ఇంకా కొత్త గ్రీజు వాసన. పల్టన్‌లో సిపాయిలు మోసే తుపాకి. ముత్తెన్న నవ్విన గానుగ సామాను ఇదే. పాత ఆరూ బయటికి పోతే తప్ప ఈ ఆరింటికీ లెక్కలో చోటు లేదు. ఆ పాత ఆరింటినీ పెట్టెలు చూసి నవ్విన మనిషి పెరట్లోకే పంపితే రెండు పనులూ ఒకేసారి తీరతాయి.

“సాబ్” అన్నాడు మోతీరాం. మొదటిసారి అతని మాటలో వెటకారం లేదు. “కాగితం చింపుత. ముత్తెన్నను మలిపిస్త.”

“ఆ ఆరో తుపాకి ఎక్కడ?”

“శికారుకని చెప్పిండు గద.”

“కాశీరాం, దొర ఏ దిక్కుకు పోయాడు?”

ముసలివాడు తల ఎత్తకుండానే చెయ్యి చూపించాడు. “కాలువ గట్టు మీదికి. పొద్దున ఠాణాకెళ్ళి వచ్చి, గుర్రమెక్కి పోయిండు.”

దొర కచ్చరం. దొర ఎద్దులు. తోలేది కూడా దొర మనిషే. ఒక జవాను. కొత్త తుపాకుల గుట్టు బయటపడకుండా ఉండాలంటే పెట్టెలు చూసిన మనిషి నిజామాబాద్ చేరకూడదు. సిలాఖానా నడిపిన ఖైదీ దారిలో పారిపోబోతే తుపాకి పేలింది అంటే అడిగేవాడుండడు. ఆ పెద్ద మాట కాగితంలో ఎందుకు కావాల్సి వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది.

“ఆ మాట ఎవరు చెబితే రాశారు మోతీరాం?”

అతని ముఖం పాలిపోయింది. “దొరే. ఖబర్ ఇచ్చిందీ ఆయనే, గా మాట చెప్పిందీ ఆయనే. కాలువ గట్టు దారి పట్టుమన్నదీ, ఒక్క జవాను సాలన్నదీ ఆయనే.”

ఇద్దరం బయటికి పరుగెత్తాం. ఉన్నది ఒక్క గుర్రం. మోతీరాం ఎక్కి కళ్ళెం అందుకున్నాడో లేదో, పొలాల అవతల కాలువ వైపునుంచి తుపాకి చప్పుడు వినిపించింది. నాటు తుపాకి పేలితే మందు బుస్సుమని లాగుతుంది. ఇది అలా లేదు, పల్టన్ తుపాకిలా పొడిగా టక్కుమంది. మోతీరాం గుర్రాన్ని తన్నాడు. దుమ్ములో అతను కనుమరుగయ్యేదాకా నేను అక్కడే నిలబడిపోయాను. నాకు భయం వేసింది.

గడి ముందు మెట్టు మీద కూర్చున్న పోసవ్వ లేచి నా దగ్గరికి వచ్చింది. తుప్పు పట్టిన సోల ఇంకా ఆమె చేతిలోనే ఉంది. దొర శికారుకు పోయాడని గడి మనుషులు చెప్పిన మాట తప్ప, లోపల ఏం జరిగిందో ఆమెకు తెలియదు.

“అయ్యా, ఆ చప్పుడు దొర శికారుదేనా?” అని అడిగింది. “ఏం కొట్టిండో ఏమో?”